టెక్సాస్‌లో ఇళ్ల అప్రైజర్ లైసెన్స్: ముందు సూపర్‌వైజర్‌ని వెతుక్కోండి, క్లాసులు తర్వాత

ఇల్లు కొనేటప్పుడు లోన్ ఇచ్చేవాళ్లు ఒక మనిషిని పంపిస్తారు కదా, గదులు కొలిచి, ఫోటోలు తీసి, చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడుపోయిన ఇళ్లతో పోల్చి విలువ ఇంత అని రిపోర్టు రాసే మనిషి, ఆ పనికి కావాల్సిన లైసెన్స్ గురించే ఇదంతా. డాలస్, ఆస్టిన్ వైపు ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా సివిల్ ఇంజనీరింగ్ చదివి ఇక్కడికొచ్చాక ఇంట్లో ఉండిపోయిన ఆడవాళ్లు, తరచూ అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఒక గందరగోళం ముందే తీసేద్దాం. ప్రాపర్టీ టాక్స్ కోసం ఏటా మన ఇంటికి విలువ కట్టి నోటీసు పంపే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగులు వేరు, వాళ్ల రిజిస్ట్రేషన్ టీడీఎల్‌ఆర్ అనే మరో శాఖ దగ్గర. లోన్ల కోసం విలువ కట్టేవాళ్లకు లైసెన్స్ ఇచ్చేది ఆస్టిన్‌లో ఉండే టెక్సాస్ అప్రైజర్ లైసెన్సింగ్ అండ్ సర్టిఫికేషన్ బోర్డు, అందరూ టీఏఎల్‌సీబీ అంటారు. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రమే అయినా కనీస అర్హతలు దేశమంతటికీ ఒకటే. 1980లలో సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలు వరసగా కూలిపోయాక, ఉన్నదానికంటే ఎక్కువ విలువ రాసిన రిపోర్టులు కూడా అందుకు కొంత కారణమని తేలి, 1989లో ఫెడరల్ చట్టం తెచ్చారు. రాష్ట్రాల లైసెన్సులన్నీ దాన్నుంచి వచ్చినవే.

మెట్లు నాలుగు. ట్రైనీ, లైసెన్స్‌డ్ రెసిడెన్షియల్, సర్టిఫైడ్ రెసిడెన్షియల్, సర్టిఫైడ్ జనరల్. చివరిది కమర్షియల్ ఆస్తులకు కూడా పనికొస్తుంది, కానీ 3,000 గంటల అనుభవం అడుగుతుంది, అందులో సగం ఇళ్లు కానివాటి మీద. కొత్తవాళ్లు సర్టిఫైడ్ రెసిడెన్షియల్‌ని గురిగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఉత్త లైసెన్స్‌డ్ అయితే మామూలు ఇళ్లలో 10 లక్షల డాలర్ల లోపు వాటికే పరిమితం, పైగా ఎఫ్‌హెచ్‌ఏ లోన్ల (ఫెడరల్ ప్రభుత్వం బీమా ఇచ్చే ఇంటి లోన్లు) పని అసలు రాదు.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ క్లాసులతో మొదలుపెడతారు, నేనూ అలాగే చేశాను, ఫీజు కట్టి అన్నీ పూర్తిచేశాక ట్రైనీగా తీసుకునే సూపర్‌వైజర్ కోసం నెలల తరబడి తిరిగాను. ఆ టెన్షన్ మీకు వద్దు. సూపర్‌వైజర్‌గా ఉండాలంటే సర్టిఫైడ్ అయి కనీసం మూడేళ్లు దాటాలి, గత మూడేళ్లలో క్రమశిక్షణ చర్యల మచ్చ ఉండకూడదు, మామూలుగా ఒకరి కింద ముగ్గురికి మించి ట్రైనీలు ఉండరు. మీకు పని నేర్పే సమయంలో ఆయన సొంత పని తగ్గుతుంది, మీరు రాసిన రిపోర్టు మీద సంతకం పెట్టి బాధ్యత కూడా ఆయనే మోయాలి, అందుకే చాలామంది ఒప్పుకోరు. మీ ఇంటికి లోన్ ఇప్పించిన వాళ్లను, రియల్టర్లను అడగండి, బోర్డు సైట్‌లో మీ కౌంటీలో ఉన్న సర్టిఫైడ్ అప్రైజర్ల పేర్లు వెతికి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, ఎక్సెల్ బాగా వచ్చు, ప్లాన్లు గీయగలను అని చెప్పుకోండి. ఎవరూ దొరక్కపోతే పీఏఆర్ఈఏ అనే ఆన్‌లైన్ శిక్షణ ఉంది. మెంటర్ చూస్తుండగా నమూనా కేసుల మీద పనిచేసి, ఇళ్ల లైసెన్సులకు కావాల్సిన అనుభవం మొత్తాన్ని దాంతోనే పూర్తిచేయొచ్చు. దానికి వేరే ఫీజు ఉంటుంది.

సూపర్‌వైజర్ కుదిరాక, లేదా కుదిరేలా ఉన్నాక, క్లాసులు. ట్రైనీకి 75 గంటలు: ప్రిన్సిపుల్స్ 30, ప్రొసీజర్స్ 30, వృత్తి నియమాల పుస్తకం యూస్‌పాప్ మీద 15. వీటికి తోడు సూపర్‌వైజర్, ట్రైనీ ఇద్దరూ చేయాల్సిన చిన్న కోర్సు ఒకటుంది. 2026 జనవరి 1 నుంచి వివక్ష, ఫెయిర్ హౌసింగ్ చట్టాల మీద 8 గంటల కోర్సు కూడా కలిసింది. ట్రైనీ క్లాసులు దరఖాస్తుకు ముందు అయిదేళ్లలోపు చేసినవే చెల్లుతాయి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కోర్సు సర్టిఫికెట్లు, ఫీజు, నేర చరిత్ర పరిశీలన కోసం వేలిముద్రలు. పాత కేసు ఏదైనా ఉంటే దాచకండి, వేలిముద్రల్లో ఎలాగూ బయటపడుతుంది. ట్రైనీకి పరీక్ష లేదు. వీసా మీద ఉన్నవాళ్లు పని చేసే అనుమతి సంగతి ముందే తేల్చుకోండి, హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్త వీసా) అయితే ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కార్డు చేతిలో ఉండాలి.

మన డిగ్రీ సంగతి. సర్టిఫైడ్ రెసిడెన్షియల్‌కి ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్స్ ఉంటే చాలు, డిగ్రీ లేనివాళ్లకు వేరే దారులున్నాయి. జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ ఏదైనా సరే, నేసెస్ (విదేశీ డిగ్రీలను పరిశీలించే సంస్థల సంఘం) సభ్యత్వం ఉన్న సంస్థతో ఎవాల్యుయేషన్, అంటే అది అమెరికా డిగ్రీకి సమానమో కాదో తేల్చే పరిశీలన, చేయించాలి. ఇండియా నుంచి ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ట్రైనీ అయిన వారంలోనే ఆ పని మొదలుపెట్టండి.

ఇక లాగ్ పుస్తకం, అంటే చేసిన పనులు, గంటలు రాసుకునే అనుభవం లెక్క. సర్టిఫైడ్ రెసిడెన్షియల్‌కి 1,500 గంటలు, అదీ 12 నెలలకు తగ్గకుండా. లైసెన్స్‌డ్‌కి 1,000 గంటలు, ఆరు నెలలు. ప్రతి పనికీ చిరునామా, ఆస్తి రకం, రిపోర్టు తేదీ, మీరు ఏం చేశారు, ఎన్ని గంటలు, సూపర్‌వైజర్ సంతకం, ఆయన సర్టిఫికెట్ నంబరు ఉండాలి. దీన్ని ఏ రోజుది ఆ రోజే రాయండి, ఏడాది తర్వాత గుర్తు చేసుకుని రాస్తే తప్పులు దొర్లుతాయి. బోర్డు వాళ్లు ఆ లాగ్‌లోంచి తమకు నచ్చిన కొన్ని ఎంచుకుని పూర్తి రిపోర్టులు పంపమంటారు, అవి యూస్‌పాప్ ప్రకారం ఉన్నాయా అని చూస్తారు. టెక్సాస్‌లో ఇళ్ల అమ్మకం ధరలు ప్రభుత్వ రికార్డుల్లో వెల్లడించక్కర్లేదు కాబట్టి పోలికకు తీసుకున్న ఇళ్ల ధరలు ఎంఎల్‌ఎస్ (రియల్టర్లు వాడే ఇళ్ల అమ్మకాల డేటాబేస్) నుంచో, అమ్మకంలో పాల్గొన్నవాళ్ల నుంచో రావాలి. ఎక్కడ తెలుసుకున్నారో ఫైల్‌లో రాసి పెట్టుకోండి.

చదువు (సర్టిఫైడ్ రెసిడెన్షియల్‌కి ట్రైనీ క్లాసులతో కలిపి 200 గంటలు), అనుభవం రెండూ బోర్డు ఆమోదించాకే పరీక్ష రాయనిస్తారు. నాలుగు గంటలు, 125 ప్రశ్నలు, వాటిలో 110కే మార్కులు. పాసయితే ఆ ఫలితం 24 నెలలు చెల్లుతుంది.

లైసెన్స్ రెండేళ్లకోసారి రెన్యువల్, అప్పటికి 28 గంటల క్లాసులు, అందులో యూస్‌పాప్ అప్‌డేట్ 7 గంటలు. ప్రతి రిపోర్టు ఫైలూ కనీసం అయిదేళ్లు దాచాలి. ఇంకొకటి, "ఇంత విలువ వస్తేనే ఫీజు ఇస్తాం" అని ఎవరైనా అంటే, అడిగింది మీకు బాగా కావాల్సినవాళ్లయినా సరే, ఆ పని ఒప్పుకోకండి. నియమాల్లో అది సూటిగా నిషేధం, ఫిర్యాదు వెళితే బోర్డు లైసెన్స్ మీద చర్య తీసుకుంటుంది.