ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్‌కి స్నేహితులతో జోస్యాల పోటీ ఎలా పెట్టుకోవాలి?

2024 జనవరి 14, భోగి ఆదివారం. డాలస్ దగ్గర మా అన్నయ్య వాళ్లింట్లో హాలు నిండా జనం. టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, నాకౌట్ ఆట: డాలస్ కౌబాయ్స్, గ్రీన్ బే ప్యాకర్స్. ఆ సీజన్‌లో కౌబాయ్స్ సొంత స్టేడియంలో ఒక్క ఆటా ఓడలేదు. అంతకుముందు ఏడాదితో కలుపుకుంటే అక్కడ వరసగా 16 గెలిచారు. నా కాగితం మీద కౌబాయ్స్ పక్కన 6 అని వేసుకున్నాను. మా పోటీలో 6 అంటే "ఇందులో ఇక డౌటే లేదు" అని. సగం ఆట కాకుండానే స్కోరు 27-0. ఆ 27 ప్యాకర్స్‌ది.

అరిసెల పళ్లెంతో వచ్చిన వదిన టీవీ వంక చూసి, "ఆకుపచ్చ వాళ్లేనా కొడుతున్నది? నేను రాసింది వాళ్లనే" అంది. అరటాకులో పసుపు పెట్టినట్టుంది జెర్సీ అని రాసిందట. చివరికి ప్యాకర్స్ 48-32తో గెలిచారు. హాల్లో సగం మంది మాట్లాడకుండా అరిసెలు తిన్నారు.

ఆ రౌండ్‌లో వదినా నేనూ ఆరింట్లో ఐదేసి ఆటలు సరిగ్గా చెప్పాం. పాయింట్లు మాత్రం ఆవిడకు 19, నాకు 15. అదెలాగో చెబితే పోటీ ఎలా పెట్టుకోవాలో చాలావరకు చెప్పినట్టే.

మొదట ఆటలు లెక్కపెట్టుకోండి

క్రికెట్ తప్ప వేరేది చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు. ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని రెండు సగాలు, వీటినే కాన్ఫరెన్స్‌లంటారు. ఒక్కో సగం నుంచి ఏడు జట్లు ప్లేఆఫ్స్‌కి వస్తాయి. మొత్తం 13 ఆటలు: వైల్డ్ కార్డ్ రౌండ్‌లో ఆరు, డివిజనల్ రౌండ్‌లో నాలుగు, కాన్ఫరెన్స్ ఫైనల్స్ రెండు, ఆఖరున సూపర్ బౌల్. ఐపీఎల్ క్వాలిఫయర్‌లాగా ఓడినా ఇంకో అవకాశం ఉండదు. ఒక్క ఆట పోతే ఇంటికే.

ఒక్కో సగంలో జట్లకు ఇచ్చే వరస అంకెను సీడ్ అంటారు. ఒకటో సీడ్‌కి మొదటి వారం సెలవు. మిగతావాళ్లలో రెండుకీ ఏడుకీ, మూడుకీ ఆరుకీ, నాలుగుకీ ఐదుకీ పడుతుంది. ముందు సీడ్ వాళ్ల ఊళ్లోనే ఆట. ఇక్కడ కొత్తవాళ్లు పప్పులో కాలేసే చోటు ఒకటుంది. మొదటి నాలుగు సీడ్లు డివిజన్ (ఒక్కో సగంలో నాలుగేసి జట్ల గుంపు) గెలిచినవాళ్లకే ఇస్తారు కాబట్టి, నాలుగో సీడ్ కన్నా ఐదో సీడ్ ఎక్కువ ఆటలు గెలిచి ఉండొచ్చు. 2024లో రెండు వైపులా అదే జరిగింది. 11 గెలిచిన ఈగల్స్ 9 గెలిచిన బక్కనీర్స్ ఊరికి వెళ్లి 32-9తో చిత్తయ్యారు. 11 గెలిచిన బ్రౌన్స్ 10 గెలిచిన టెక్సాన్స్ ఊళ్లో 45-14తో ఓడారు. రికార్డు ఒక్కటే చూసి రాసినవాళ్లకు ఆ రెండూ పోయాయి.

రౌండుకో కాగితం

సూపర్ బౌల్ దాకా చార్టంతా ఒకేసారి నింపించేద్దామని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎవరికి ఎవరు తగులుతారన్నది ముందే గీసి పెట్టి ఉండదు. వైల్డ్ కార్డ్ రౌండ్ తర్వాత, మిగిలినవాళ్లలో అట్టడుగు సీడ్ వెళ్లి ఒకటో సీడ్‌తో ఆడాలి. ఆ భోగి రోజున కౌబాయ్స్ గెలిచి ఉంటే తర్వాతి వారం ఒకటో సీడ్ ఫోర్టీనైనర్స్‌కి నాలుగో సీడ్ బక్కనీర్స్ తగిలేవాళ్లు. ఏడో సీడ్ ప్యాకర్స్ గెలవడంతో వాళ్లే ఫోర్టీనైనర్స్ ఉండే శాన్ ఫ్రాన్సిస్కో వైపు వెళ్లారు, బక్కనీర్స్ డెట్రాయిట్‌లో లయన్స్‌తో ఆడారు. ముందే అంతా నింపినవాడి చార్టులో అసలు లేని ఆటలు మిగులుతాయి. ఒక్క ఫలితంతో ఆట మీదే ఆసక్తి పోతుంది. అందుకే ఏ రౌండ్ కాగితం ఆ రౌండుకే.

నమ్మకానికి అంకె వేయించండి

పోటీకి ప్రాణం ఇదే. ఎవరు గెలుస్తారో రాస్తే చాలదు, ఎంత నమ్మకమో కూడా రాయాలి. మొదటి రౌండ్‌లో ఆరు ఆటలు కాబట్టి 1 నుంచి 6 దాకా అంకెలు, ఒక్కో అంకె ఒక్కసారే. బాగా నమ్మకమున్న ఆటకు 6, గుడ్డిగా రాసినదానికి 1. చెప్పింది నిజమైతే ఆ అంకె మీ ఖాతాలో పడుతుంది, తప్పితే సున్నా. అన్నీ సరిగ్గా చెబితే 21.

వదిన కాగితం ఇలా ఉంది: వాళ్ల తమ్ముడు హ్యూస్టన్‌లో ఉంటాడని టెక్సాన్స్‌కి 6, మహోమ్స్ అనే ఆటగాడి పేరు విని ఉండటం వల్ల అతని జట్టు చీఫ్స్‌కి 5, బిల్స్‌కి 4, లయన్స్‌కి 3, ఈగల్స్‌కి 2, ప్యాకర్స్‌కి 1. తప్పింది ఈగల్స్ ఒక్కటే, 21లో పోయింది 2. నేను ఆరింట్లోనూ సొంత స్టేడియంలో ఆడే జట్లనే రాశాను. తప్పింది కౌబాయ్స్ ఒక్కటే, కానీ దాంతో పోయింది 6. రంగు చూసి రాసినా, అది గుడ్డిగా రాస్తున్నానన్న సంగతి వదినకు తెలుసు, అందుకే 1 వేసింది. నాకు తెలిసిందల్లా కౌబాయ్స్ మా ఊరి జట్టని.

అభిమాన జట్టుకు పెద్ద అంకె వేసేటప్పుడు చెయ్యి కాస్త ఆపుకోండి. పూర్తిగా మానమని చెప్పను, అలా మానేస్తే మజా ఏముంది? మా గ్రూప్‌లో ఒకాయన ప్రతి ఏడూ కావాలని తన జట్టుకు 6 వేస్తాడు, ప్రతి ఏడూ మూడో స్థానం దాటడు, బాధా పడడు.

గడువు, గొడవ

జోస్యం తప్పిందని మా గ్రూప్‌లో ఎప్పుడూ గొడవ పడలేదు. పడిందల్లా గడువు దగ్గరే.

అదే ఏడాది హైదరాబాద్‌లో ఉన్న మా బావగారిని కూడా కలుపుకున్నాం. "శనివారం నాలుగున్నరకు మొదటి ఆట, ఆలోపు పంపండి" అని గ్రూప్‌లో పెట్టాను. నా ఉద్దేశంలో అది న్యూయార్క్ సమయం, డాలస్‌లో మూడున్నర. హైదరాబాద్‌లో అప్పటికి ఆదివారం తెల్లవారుజామున మూడు. బావగారు పొద్దున ఐదింటికి లేచి, కాఫీ తాగుతూ, టెక్సాన్స్‌కి 6 వేసి పంపారు. అప్పటికి ఆట సగం దాటింది, టెక్సాన్స్ ముందున్నారు. "నేను స్కోరు చూడలేదురా, ఒట్టు" అన్నారు. చూడలేదనే నా నమ్మకం. కానీ ఒప్పుకుంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? ఆయన లెక్కలోంచి ఆ ఒక్క ఆట కొట్టేశాం. వారం రోజులు అక్క నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

అప్పటినుంచి గడువు రెండు ఊళ్ల సమయంలోనూ, తేదీతో సహా రాస్తున్నాం. అంకెలన్నీ మొదటి ఆట మొదలయ్యేలోపే వేసెయ్యాలి, ఆ తర్వాత అంకె కదలదు. జట్టు పేరు మాత్రం ఆ ఆట మొదలయ్యేదాకా మార్చుకోవచ్చు, ఎందుకంటే సోమవారం ఆటకు ఎవరు దిగుతారో శనివారం తెలియదు. కాగితం ఫొటో గ్రూప్‌లో పెట్టాలి. ఒకరి జోస్యాలు చూసి ఇంకొకరు మార్చుకుంటారన్న అనుమానం ఉంటే, ఆడని మనిషి ఒకరికి విడివిడిగా పంపండి. మా ఇంట్లో ఆ పని ఎనిమిదో తరగతి చదివే మేనకోడలిది. ఎవరికీ లొంగదు.

వాయిదా సంగతి కూడా ముందే అనుకోండి. ఆ ఆదివారం మధ్యాహ్నం బఫెలోలో జరగాల్సిన బిల్స్, స్టీలర్స్ ఆట మంచు తుపాను వల్ల సోమవారం సాయంత్రానికి మారింది. స్టేడియంలో మంచు ఎత్తడానికి బిల్స్ వాళ్లు గంటకు 20 డాలర్లిచ్చి అభిమానులనే పిలిచారు. ఆట మారితే ఆ ఆట గడువూ దాంతోపాటే మారుతుందని ఒక ముక్క రాసి పెట్టుకుంటే చాలు.

రాసేముందు ఏం చూడాలి

గంటలు గంటలు వీడియోలు చూడక్కర్లేదు. నేను చూసేవి కొన్నే.

మొదటిది క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు. అతను ఆడుతున్నాడా, ఒంట్లో బాగుందా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. జట్లు ఆటకు ముందు ప్రాక్టీస్ వివరాలు బయటపెట్టాలి: ఎవరు పూర్తిగా చేశారు, ఎవరు కొంచెమే చేశారు, ఎవరు దిగనేలేదు అని. చివర్లో ఆటగాడి పేరు పక్కన క్వశ్చనబుల్, డౌట్‌ఫుల్, అవుట్ అని పెడతారు. క్వశ్చనబుల్ అంటే ఎటైనా కావచ్చు, డౌట్‌ఫుల్ అంటే దాదాపు రానట్టే. ఆటకు 90 నిమిషాల ముందు దిగనివాళ్ల జాబితా వస్తుంది. జట్టు మార్చుకునే వీలు పెట్టింది ఈ జాబితా కోసమే.

రెండోది వాతావరణం. 2024 వైల్డ్ కార్డ్ శనివారం రాత్రి కాన్సస్ సిటీలో ఆట మొదలైనప్పుడు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్. అవతల ఫ్లోరిడా ఎండల్లో ఆడే మయామి డాల్ఫిన్స్, వేగమే వాళ్ల బలం. చీఫ్స్ 26-7తో గెలిచారు. చలి ఒక్కటే కారణం కాదు, డాల్ఫిన్స్‌లో గాయాలూ ఎక్కువే. అయినా వదిన తప్ప మా అందరి కాగితాల్లో చీఫ్స్‌కి 5 గానీ 4 గానీ పడటానికి కారణం ఆ ఉష్ణోగ్రతే.

మూడోది, బెట్టింగ్ వాళ్లు వేసే స్ప్రెడ్. డబ్బు పెట్టమని కాదు. ఫలానా జట్టు ఇన్ని పాయింట్లతో గెలవొచ్చని వాళ్లు వేసే అంకె ఉచితంగా దొరికే సమాచారం. ఆ అంకె 3 లోపుంటే మీరు చిన్న అంకె వేయండి. పెద్దదుంటే పెద్దది వేయొచ్చు, హామీ మాత్రం లేదు. కౌబాయ్స్ ఏడు పాయింట్ల ఫేవరెట్. 2020 సీజన్‌లో ఏడో సీడ్ పద్ధతి వచ్చాక అప్పటిదాకా ఏ ఏడో సీడూ ఒక్క ఆట గెలవలేదు కూడా.

స్కోరు కూడా రాయించాలనుకుంటే ఒక చిట్కా. టచ్‌డౌన్‌కి (బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటిస్తే) 6, దాని మీద కిక్ పడితే ఇంకో 1, ఫీల్డ్ గోల్‌కి (బంతిని తన్ని స్తంభాల మధ్యగా పంపితే) 3. అందుకే స్కోర్లు ఎక్కువగా మూళ్లు, ఏళ్లు కలిసి వస్తాయి: 20-17, 24-20, 27-17. తేడాలు కూడా 3, 7 చుట్టూనే తిరుగుతాయి. మా బావగారు మొదటిసారి 19-18 అని రాశారు. అలా రాకూడదని కాదు, వచ్చే అవకాశం తక్కువ.

తర్వాతి రౌండ్ల లెక్క

ఆటలు తగ్గేకొద్దీ పాయింట్లూ తగ్గితే మొదటి వారంలో ముందున్నవాళ్లే చివరిదాకా ఉంటారు. నాలుగు ఆటలకు 1 నుంచి 4 అంకెలు వేస్తే కలిపి పదే కదా. మేం చేసేది ఇది: డివిజనల్ రౌండ్‌లో 2, 4, 6, 8. కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో 5, 10. సూపర్ బౌల్‌కి 12. ఒకసారి సూపర్ బౌల్‌కి 30 పెట్టి చూశాం. అంతకుముందు పన్నెండు ఆటలు ఎందుకు చూశామో అర్థం కాలేదు.

ఓడినవాళ్లు ఏమివ్వాలి

డబ్బు వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్‌లో డబ్బు పందేలను నిషేధించాయి. మేముండే టెక్సాస్‌లోనూ స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధం కాదు. చట్టం సంగతి అలా ఉంచితే, ఇరవై డాలర్లు పోయినవాడు ఆట చూడడు, ఆ ఇరవై డాలర్లనే చూస్తాడు. మొదటి రౌండ్ ఎలాగూ సంక్రాంతి వారంలోనే పడుతుంది కాబట్టి మా పందెం పిండివంటల మీదే. ఆఖరు స్థానంలో ఉన్నవాళ్లు సూపర్ బౌల్ రోజుకు సకినాలో అరిసెలో సొంతంగా చేసి తేవాలి. కొనుక్కొస్తే చెల్లదు. హైదరాబాద్ వాళ్లు ఓడితే పార్సెల్.

టై పడితే

ఇద్దరికి సమానంగా పాయింట్లు వస్తే తేల్చడానికి, సూపర్ బౌల్‌లో రెండు జట్ల స్కోర్లు కలిపి ఎంతవుతుందో ఒక అంకె రాయించుకోండి. దగ్గరగా ఉన్నవాళ్లది గెలుపు. ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయంలో) వచ్చిన పాయింట్లు కలుస్తాయా లేదా అన్నది కూడా అప్పుడే రాయండి. మేం రాయలేదు.

ఆ ఫిబ్రవరి 11న లాస్ వేగాస్‌లో చీఫ్స్, ఫోర్టీనైనర్స్ 19-19 దగ్గర ఆగారు. హైదరాబాద్‌లో సోమవారం పొద్దున ఎనిమిదిన్నర దాటింది. బావగారు అప్పటికే ఆఫీస్ క్యాబ్‌లో ఉన్నారు. టోటల్ కింద ఆయన రాసింది 39, వదిన రాసింది 46. క్యాబ్‌లోంచి మెసేజ్ వచ్చింది: "19, 19 కలిపితే 38. ఆట అయిపోయింది కదరా?" ప్లేఆఫ్స్‌లో డ్రా ఉండదని, ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడతారని, రెండు జట్లకూ బంతి దక్కుతుందని నేను టైప్ చేస్తుండగానే ఫోర్టీనైనర్స్ ఫీల్డ్ గోల్ కొట్టారు, తర్వాత చీఫ్స్ టచ్‌డౌన్. 25-22, మొత్తం 47. వదిన మేనకోడలి వైపు చూసింది. అది కాగితం మీద 46 చుట్టూ సున్నా చుట్టేసింది. ఓవర్‌టైమ్ లెక్కలోకి ఎలా వస్తుందని బావగారు ఇప్పటికీ అడుగుతున్నారు.