కాంచనబురి వెళ్తున్నారా? వంతెనను చివరికి ఉంచుకోండి

బ్యాంకాక్ వెళ్లే తెలుగువాళ్లు ఒక పూట కాంచనబురికి కూడా కేటాయిస్తారు. టూరు బస్సు క్వాయ్ నది వంతెన దగ్గర దించుతుంది, పట్టాల మీద నిలబడి ఫోటోలు దిగుతారు, భోజనం చేసి తిరిగి బస్సెక్కుతారు. అలా వెళ్లేకంటే వెళ్లకపోయినా నష్టం లేదు. నేను ఉద్యోగమంతా రైలు పట్టాల మీదే చేసినవాణ్ని. మొదటి ఏళ్లు నల్లమలలో, నంద్యాల–గిద్దలూరు మధ్య మీటర్‌గేజీ లైను మీద గడిచాయి. కాంచనబురి లైను కూడా మీటర్‌గేజీయే. దాన్ని ఎలా చూడాలో నాకు తోచిన పద్ధతి చెబుతాను.

వెళ్లే ముందు కొన్ని అంకెలు గుర్తుపెట్టుకోండి. థాయ్‌లాండ్‌లోని నోంగ్ ప్లాడుక్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయత్ వరకు 415 కిలోమీటర్ల లైను ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మాలోని తన సేనలకు సరుకు చేరవేయడానికి జపాన్ సైన్యం 1942లో మొదలుపెట్టి, 1943 అక్టోబరులో రెండు వైపుల పట్టాలనూ కలిపేసింది. కొండలు, అడవి, మధ్యలో ఒక వానాకాలం: ఏ ఇంజినీరును అడిగినా ఇంత తక్కువ కాలంలో కాదంటాడు. పని చేయించింది సుమారు 60 వేల మంది యుద్ధ ఖైదీలతో, రెండు లక్షలకు పైబడిన ఆసియా కూలీలతో. ఖైదీల్లో 12 వేల మందికి పైగా చనిపోయారు. కూలీల్లో చనిపోయినవారు 90 వేల దాకా ఉంటారని అంచనా. ఖైదీలకు పేర్లతో జాబితాలున్నాయి, కూలీలకు అంచనాలే ఉన్నాయి. ఈ తేడా ఎక్కడెక్కడ ఏ రూపంలో కనిపిస్తుందో వెతుకుతూ తిరగండి.

రైల్లోనే వెళ్లండి. బ్యాంకాక్‌లో పెద్ద స్టేషన్ నుంచి కాదు, నది అవతలి థోన్‌బురి నుంచి ఎక్కాలి. ఉదయపు బండి పట్టుకుంటే మంచిది. చెక్క బెంచీలు, తెరిచిన కిటికీలు. దిగగానే వంతెన వైపు కాకుండా స్టేషన్‌కు దగ్గర్లోనే ఉన్న యుద్ధ సమాధుల తోటకు నడవండి.

అక్కడ 6,982 సమాధులు. బ్రిటిష్, డచ్, ఆస్ట్రేలియా సైనికులవి. గడ్డి అంగుళం పెరగనివ్వరు. ఫలకాల మీద పేరు, హోదా, వయసు. కలరాతో పోయి, సామూహికంగా దహనమైన 300 మంది అస్థికలను రెండు సమాధుల్లో ఉంచి, వాళ్ల పేర్లన్నీ వరుసగా చెక్కించారు. ఇక ప్రవేశ మండపంలో తప్పకుండా ఆగండి. అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు అక్కడ ఉంటాయి. వాళ్ల సమాధులు థాయ్‌లాండ్‌లోని ముస్లిం శ్మశానాల్లో ఉండేవి, వాటిని నిలబెట్టడం కుదరలేదు కాబట్టి పేర్లు ఇక్కడికి తెచ్చారు. అంటే సైన్యంలో నంబరున్న భారతీయుడికి రాయి దక్కింది. రబ్బరు తోటల నుంచి వచ్చిన భారతీయుడికి దక్కలేదు. ఈ తోటలో అతని కోసం వెతికి లాభం లేదు.

అతను ఎవరో కొంచెం చెప్పుకోవాలి. మలయాలో తోటలు వేసిన బ్రిటిష్ దొరలు దక్షిణ భారతం నుంచి కూలీలను తీసుకెళ్లారు. ఎక్కువమంది తమిళులు, వాళ్లతోపాటు మన తెలుగువాళ్లు, మలయాళీలు. 1942లో జపాన్ మలయాను గెలిచాక రబ్బరు కొనే దిక్కు లేక తోటలు మూతపడ్డాయి, కూలీలు పస్తులున్నారు. కొన్ని నెలల పని, కూలి డబ్బులు ఇస్తామని కొందరిని, బలవంతంగా ఇంకొందరిని గూడ్సు పెట్టెల్లో కుక్కి థాయ్‌లాండ్‌లోని బాన్‌పోంగ్‌కు తోలారు. అక్కడి నుంచి అడవిలోకి నడక. ఖైదీలకు తమ అధికారులు, తమ డాక్టర్లు కొందరైనా ఉండేవారు. దొంగచాటుగా డైరీలు రాసుకున్నారు, బొమ్మలు గీసుకున్నారు. కూలీల శిబిరాల్లో చాలాచోట్ల డాక్టరూ లేడు, రాసిపెట్టే మనిషీ లేడు. ఒక సామ్రాజ్యం తెచ్చి వదిలేసిన మనుషులను మరో సామ్రాజ్యం వాడుకుంది. బ్రిటన్ తన సైనికుల కథ చెప్పేటప్పుడు ఈ మొదటి సగాన్ని దాటేస్తుంది, అది నాకు మింగుడుపడదు.

తర్వాత వంతెనకు దగ్గర్లో ఉన్న జపాన్ స్మారకం చూడండి. చాలామంది దాని పక్క నుంచే వెళ్లిపోతారు. పని చేయించిన సైన్యమే 1944 ఫిబ్రవరిలో, యుద్ధం ఇంకా సాగుతుండగానే, చనిపోయినవారి కోసం కట్టించింది. ఫలకాల్లో తమిళం కూడా ఉంది. దీన్ని పశ్చాత్తాపం అనుకోవాలా, లాంఛనం అనుకోవాలా? నేను లాంఛనం అనే అంటాను. అయినా కూలీల భాషలో వాళ్ల కోసం ఆ రోజుల్లో రాసిన రాత అదొక్కటే నాకు కనిపించింది. పట్టణంలోని వాట్ థావోర్న్ గుడి ఆవరణలో ఈమధ్యే తమిళులు పూనుకుని నిలబెట్టిన రాయి ఉంది, అక్కడికీ వెళ్లండి.

రెండో రోజు హెల్‌ఫైర్ పాస్‌కు, అంటే ఈ లైను కోసం కొండను కోసిన చోటికి, పెట్టుకోండి. పట్టణం నుంచి 80 కిలోమీటర్లు, బస్సుంది. మ్యూజియం ఆస్ట్రేలియా ప్రభుత్వానిది, టికెట్టు లేదు. చెవులకు పెట్టుకుని వినే యంత్రం ఇస్తారు, తీసుకోండి. బతికి బయటపడ్డ ఖైదీల గొంతులు వినిపిస్తాయి. వింటూ, ఎవరి గొంతు వినిపించడం లేదో కూడా గమనించండి. మెట్లు దిగి కొండను కోసిన చోటికి వెళ్లాక యంత్రం తీసేయండి. ఇక్కడ నిదానంగా ఉండాలి.

గోడ మీద నిలువుగా, సగం గొట్టంలా గాడులు కనిపిస్తాయి. వేలు పెట్టి చూడండి. ఒకడు ఉక్కు కడ్డీ పట్టుకుంటాడు, మరొకడు సమ్మెటతో కొడతాడు. దెబ్బ దెబ్బకూ కడ్డీని కాస్త తిప్పాలి, లేకపోతే రాతిలో ఇరుక్కుంటుంది. మీటరు దిగాక మందు కూరి పేలుస్తారు. ఆ గాడి అలా దిగిన బెజ్జంలో మిగిలిన సగం. రాళ్లన్నీ చేతులతో, గంపలతో ఎత్తిపోయాలి. మా లైనులోనూ ఇలాంటి కోతలున్నాయి కాబట్టి చెబుతున్నాను: ఇంత గట్టి రాయిలో మనిషి కడుపునిండా తిని, వంతులవారీగా చేస్తేనే రోజుకు కొన్ని బెజ్జాలు. ఇక్కడ 1943లో పన్నెండు గంటలు, ఆపైన కూడా చేయించారు, చీకటి పడితే వెదురు మంటల వెలుగులో. ఒకచోట విరిగిన డ్రిల్లు ముక్క రాతిలోనే ఉండిపోయింది, అడిగి చూడండి.

కాపలావాళ్లలో చాలామంది కొరియన్లు. అప్పటికి కొరియా జపాన్ వలస. యుద్ధం తర్వాత ఖైదీలను హింసించినందుకు వాళ్లలో కొందరికి ఉరిశిక్షలు పడ్డాయి. ఇక్కడ దోషి, బాధితుడు అని రెండు గీతలు గీసి ముగించలేం.

ఇప్పుడు వంతెనకు రండి. వంపు తిరిగిన ఉక్కు దూలాలు అసలువి, జపాన్ సైన్యం జావా నుంచి తెప్పించినవి. మధ్యలో కోణాలుగా ఉన్న రెండు, 1945 బాంబుల తర్వాత మార్చినవి. నది పేరు కూడా అప్పటిది కాదు. 1957లో వచ్చిన హాలీవుడ్ సినిమా చూసి జనం ‘క్వాయ్’ నదిని వెతుక్కుంటూ వస్తుంటే, థాయ్‌లాండ్ మేక్లోంగ్ నదిలోని ఈ పాయకే ఆ పేరు పెట్టేసింది. ఎప్పుడైనా టోక్యో వెళ్తే, యుద్ధాల్లో పోయిన జపాన్ సైనికులను కొలిచే యాసుకుని ఆలయం పక్కనున్న మ్యూజియం హాల్లో నల్లటి ఆవిరి ఇంజన్ ఉంటుంది, సీ56 31. ఈ లైను ప్రారంభానికి వాడిన ఇంజన్ అదే. కాంచనబురి చూసి వచ్చినవాడికి, దాని పక్కన రాసిపెట్టినదాంట్లో చనిపోయినవారికి ఎన్ని వాక్యాలు దక్కాయో లెక్కపెట్టాలనిపిస్తుంది.

ఇంటికొచ్చాక ఒక పని. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగూన్‌కూ మలయాకూ వెళ్లినవాళ్ల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మలేషియాలో స్థిరపడిన బంధువులూ ఉంటారు. పెద్దవాళ్లను యుద్ధం గురించి అడిగితే ఏమీ తెలియదంటారు. ‘సయాం రైలు పని’ అని అడగండి (సయాం థాయ్‌లాండ్ పాత పేరు), అప్పుడు గుర్తొస్తుంది. ఏ తోట, కంగాణీ (కూలీలను కుదిర్చి తీసుకెళ్లిన మేస్త్రి) ఎవరు, ఎవరెవరు కలిసి వెళ్లారు, ఎవరు తిరిగి రాలేదు, ఆ ఇంట్లో తర్వాత ఎవరు సంపాదించారు, ఈ వరుసలో వెళ్లండి. ఫోనులో రికార్డు చేసేటప్పుడు మొదట తేదీ, వాళ్ల పేరు, ఊరు వాళ్ల నోటితోనే చెప్పించండి.