మంచాన పడ్డ తల్లిదండ్రులకు మనిషిని పెట్టించాలంటే: ఆర్డీవో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు విధానం

అమ్మో నాన్నో మంచాన పడ్డారు, ఇంట్లో మనిషిని పెట్టక తప్పదు, జీతం దగ్గరికొచ్చేసరికి పిల్లలు ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు. ఇలాంటప్పుడు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 కింద ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఈ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, వసతితో ఆగదు. వైద్య సంరక్షణ, చికిత్స కూడా అందులోవే. ఆయా జీతం, డైపర్ల ఖర్చు అడగడానికి ఆధారం ఇదే.

సొంత రాబడితో, ఆస్తితో గడవని తల్లిదండ్రులు ఎవరైనా వేయవచ్చు, వాళ్లకు 60 ఏళ్లు నిండనక్కర్లేదు. ప్రతివాదులుగా రాయాల్సింది మేజర్లయిన కొడుకులు, కూతుళ్లు, మనవళ్లు, మనవరాళ్లనే. కోపం కొద్దీ కోడలి పేరో అల్లుడి పేరో ఎక్కిస్తుంటారు, కానీ చట్టం చెప్పే ‘పిల్లలు’ అన్న మాటలోకి వాళ్లు రారు. ఒక్క కొడుకు మీదే వేస్తే అతను తోబుట్టువులను కూడా చేర్చమంటాడు, వాయిదాలు పెరుగుతాయి. అందరినీ మొదటే చేర్చండి. కూతురికి పెళ్లి చేసి పంపేశాం కదా అన్న లెక్క ఇక్కడ లేదు.

తల్లిదండ్రులు ఇప్పుడు ఉంటున్న చోట, అంతకుముందు ఉన్న చోట, లేదా పిల్లలు ఉన్న చోట, ఏ జిల్లాలోనైనా అర్జీ ఇవ్వవచ్చు. ఒంగోలు నుంచి హైదరాబాద్ వచ్చి ఉంటున్న తల్లి హైదరాబాద్‌లోనే వేసుకోవచ్చు. లేవలేని స్థితిలో ఉంటే ఆమె అధికారమిచ్చిన మనిషి గానీ సంస్థ గానీ వేయవచ్చు. దానికి సంతకమో వేలిముద్రో ఉన్న కాగితం జత చేయండి.

అర్జీలు బలహీనపడేది ఎక్కువగా డాక్టరు సర్టిఫికెట్ దగ్గరే. ‘పక్షవాతం’ అన్న ఒక్క మాటతో మనిషి ఎందుకు కావాలో తేలదు. పక్క మార్చడం, స్నానం, మలమూత్రాలు, ట్యూబుతో ఆహారం వంటి ఏ పనులకు సాయం కావాలో, రోజుకు ఎన్ని గంటలో రాయించుకోండి. నెల ఖర్చు విడిగా ఒక కాగితం మీద వేయండి. ఉదాహరణకు మనిషి జీతం 15,000, మందులు 3,500, డైపర్లు 2,500, మొత్తం 21,000. రసీదులు జత చేసి, పిల్లల ఉద్యోగం, ఆస్తి వివరాలు తెలిసినంతవరకు రాయండి. అర్జీ కార్యాలయంలో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవకండి.

తీర్పుకు గడువు నోటీసు అందిన నాటి నుంచి 90 రోజులు. తప్పనిసరైతే ఒకసారి మరో 30 రోజులు పొడిగిస్తారు. పిల్లల చిరునామా తప్పుగా ఉంటే ఆ లెక్క మొదలే కాదు. ఈలోగా ఖర్చుకు మధ్యంతర భృతి కావాలని అదే అర్జీలో ఒక వాక్యం చేర్చండి.

ఇక అసలు చిక్కు. ట్రిబ్యునల్ ఆదేశించగల భృతికి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. పై లెక్కలో మనిషి జీతానికే అది చాలదు. అందుకే రాజీ దశను తేలిగ్గా తీసుకోకూడదు. ట్రిబ్యునల్ విషయాన్ని రాజీ అధికారికి పంపవచ్చు, ఆయనకు నెల గడువు. అక్కడ కుదిరిన ఒప్పందాన్నే ట్రిబ్యునల్ ఆదేశంగా ఇస్తుంది. ‘అమ్మను బాగా చూసుకుంటాం’ అని రాసుకుంటే అమలు చేయించలేరు. జీతం ఎవరు, ఏ తేదీకి, ఎవరి ఖాతాలో వేస్తారు, మనిషి సెలవు పెట్టిన రోజు ఎవరొస్తారు, వంతులైతే ఏ నెల ఎవరిది అన్నవన్నీ రాయించండి. రాజీ కుదిరే సూచన లేకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) 144వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ కోర్టు దారి ఉంది. అక్కడ ఈ పరిమితి లేదు. కానీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి కాబట్టి అర్జీ వేసేముందే తేల్చుకోండి.

ఆదేశం వచ్చాక 30 రోజుల్లో డబ్బు జమ చేయాలి. ఆపేస్తే, బాకీ పడిన తేదీ నుంచి మూడు నెలల్లోపు వసూలుకు దరఖాస్తు ఇవ్వాలి. డబ్బు కట్టని పిల్లలకు నెల వరకు జైలు శిక్ష పడే వీలుంది. ఆదేశం నచ్చకపోతే తల్లిదండ్రులు 60 రోజుల్లో కలెక్టర్ స్థాయి అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. దారి తెలియనివాళ్లు వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. పరిస్థితి మారి ఖర్చు పెరిగితే కొత్త కేసు అక్కర్లేదు, తాజా డాక్టరు సర్టిఫికెట్‌తో అదే ట్రిబ్యునల్‌ను భృతి మార్చమని అడగవచ్చు.