చవక సొరచేపల సినిమాలను ఆస్వాదించే పద్ధతి

సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా లోపలికి ఉన్న వరంగల్‌లో సొరచేప అంటే ఎవరికీ భయం ఉండదు. మనం ఎరిగిన పెద్ద చేప కొరమీను, దాన్ని చూస్తే మనకు వేసేది ఆకలి. అందుకే అమెరికాలో తక్కువ ఖర్చుతో చుట్టేసే సొరచేపల విపత్తు సినిమాలకు మనకంటే తగిన ప్రేక్షకులు దొరకరని నా అభిప్రాయం. అయితే మామూలు సినిమాను చూసినట్టు చూస్తే పది నిమిషాల్లో విసుగు పుట్టే సరుకు కనుక, వాటిని చూడడానికి కొంత ఏర్పాటు అవసరం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎంపిక. ఎంత అసాధ్యమైన సంగతినైనా నటులు చిరునవ్వైనా లేకుండా, ప్రాణం మీదికి వచ్చినట్టు నటించే సినిమానే ఎంచుకోవాలి. తన మీద తానే జోకులు వేసుకునే సినిమా మన పని కూడా తానే చేసేసి మనల్ని ఖాళీగా కూర్చోబెడుతుంది. ఈ లెక్కన మొదట చూడవలసింది 2013 జూలై 11న సైఫై అనే అమెరికా టీవీ ఛానెల్‌లో ప్రసారమైన ‘షార్క్‌నాడో’. ది అసైలమ్ సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి ఆంథొనీ సి. ఫెరాంటే దర్శకుడు. తుఫాను లాస్ ఏంజెలెస్ మీద విరుచుకుపడి, సుడిగాలులు సముద్రంలోని సొరచేపలను ఎత్తుకొచ్చి వీధుల్లో కురిపిస్తుంటే, బార్ నడుపుకునే కథానాయకుడు తన వాళ్లను కాపాడుకోవడానికి బయలుదేరుతాడు. హెలికాప్టర్‌లోంచి బాంబులు విసిరి సుడిగాలులను చల్లార్చడం, చివరికి చెట్లు కోసే మిషన్ పట్టుకుని గాలిలో వస్తున్న సొరచేప నోట్లోకి దూకి, దాని పొట్ట కోసుకుని బయటికి రావడం అన్నీ అందులో పూర్తి గాంభీర్యంతోనే జరుగుతాయి. విఠలాచార్య జానపద చిత్రాలు చూసి పెరిగిన పెద్దవారికి ఈ రుచిని వేరుగా నేర్పనక్కరలేదు. చేతిలో డబ్బు తక్కువైనా ఊహను తగ్గించుకోకపోవడం వారికి తెలిసిన విద్యే.

వీలైతే దీనికి ముందు రోజు 1975లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘జాస్’ చూడాలి. ఉప్పునీటిలో యంత్రపు సొరచేప పదేపదే మొరాయించడంతో, దర్శకుడు దాన్ని చాలాసేపు చూపించకుండా నీటితోనూ సంగీతంతోనూ భయపెట్టాడు. చవక సినిమాల తీరు దీనికి సరిగ్గా తలకిందులు. కంప్యూటర్ బొమ్మ చవకగా దొరుకుతుంది కనుక సొరచేపను మొదటి నుంచే విచ్చలవిడిగా చూపిస్తారు. భయం ఎంత పలచబడితే వినోదం అంత చిక్కబడుతుంది. రెండూ వెంట వెంట చూసినవారికి ఈ తేడా ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఒంటరిగా ఫోన్‌లో చూడడం వృథా. హనుమకొండలోనో కాజీపేటలోనో ఎండాకాలం రాత్రి డాబా మీద ప్రొజెక్టర్ పెట్టి, ఐదారుగురిని పిలిచి, ఒక పళ్లెంలో సర్వపిండి పెట్టుకుంటే చాలు. సబ్‌టైటిళ్లు తప్పనిసరి, ఎందుకంటే నవ్వుల్లో మాటలు వినపడవు. మాట్లాడుకోవడానికి కూడా వేళ ఉంది: పాత్రలు విజ్ఞానశాస్త్రం వివరించేటప్పుడు ఎంతైనా వ్యాఖ్యానించవచ్చు గానీ, సొరచేప ఎగిరే క్షణంలో మౌనం పాటించాలి. ఒక షాట్‌లో కుండపోత వాన, మరుసటి షాట్‌లో పొడి రోడ్డు కనిపించే చోట్లను కనిపెట్టడం పిల్లలకు మంచి ఆట. వెక్కిరింపు మాత్రం సినిమా వరకే ఉండాలి. నటుల రూపాల మీదికి వెళితే సరదా చెడుతుంది.

వరదల రోజుల్లో దీన్ని పెట్టకూడదన్నది నేను గట్టిగా చెప్పే మాట. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచపల్లి ఊరు నీట మునిగింది, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. వీధిలో కార్లు తేలే దృశ్యం ఆ నీళ్లలో సామాను పోగొట్టుకున్న మనిషికి నవ్వు తెప్పించదు. సొరచేప మనకు దూరమైనది కనుకనే నవ్వగలుగుతున్నాం, వరద అలా కాదు. పిలిచేవారిలో అలాంటి కుటుంబం ఉంటే ముందే అడగడం మర్యాద.

పిల్లలు చూస్తే, సినిమా అయిపోయాక కొంచెం నిజం కూడా చెప్పాలి. సొరచేపకు ఎముకలు ఉండవు, దాని అస్థిపంజరం మృదులాస్థి, అంటే మన చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తని పదార్థం. మొప్పలతో ఊపిరి తీసుకునే ప్రాణి కనుక గాలిలో ఎగురుతూ మనుషులను కొరుకుతూ తిరగలేదు. నీటి సుడిగాలి చిన్న చేపలను పైకి లాగగలదని చెబుతారు. మన జిల్లాల్లోనూ వానాకాలంలో చేపలు పడ్డాయన్న వార్తలు అప్పుడప్పుడు వస్తుంటాయి కనుక, సినిమాలోని ఊహ పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదని పిల్లలే పట్టుకుంటారు.

నచ్చితే తరువాత 2009 నాటి ‘మెగా షార్క్ వర్సెస్ జెయంట్ ఆక్టోపస్’ చూడవచ్చు. అందులో సొరచేప సముద్రంలోంచి ఎగిరి ప్రయాణికుల విమానాన్ని కొరికే ఒక్క దృశ్యం కోసం మిగతా నీరసాన్ని భరించవచ్చు. ‘షార్క్‌నాడో’ వరుస 2018 వరకు ఆరు సినిమాలుగా సాగింది. మూడోది అంతరిక్షానికి, ఆరోది గతకాలానికి వెళ్లేసరికి తమాషా చేస్తున్నామన్న స్పృహ వాటికి బాగా పెరిగిపోయింది కనుక, రెండోదాని తరువాత ఆపేసినా నష్టం లేదు. ఏది చూసినా రాత్రికి ఒకటికి మించి పెట్టవద్దు. రెండో సినిమా సగంలో డాబా మీద సగం మంది నిద్రపోతారు.