వేలిముద్రల యంత్రం, బిల్లు ప్రింటర్ ఎప్పుడూ ఒకే యూఎస్‌బీ పోర్టులో ఉండాలి

నల్లగొండ గడియారం సెంటర్ వైపు జిరాక్స్, ఆన్‌లైన్ సేవల దుకాణాలు నడిపేవారు వేలిముద్రల యంత్రాన్నీ బిల్లు ప్రింటర్‌నూ మొదట ఏ పోర్టులో పెట్టి పనిచేయించారో, ఎప్పుడు తీసినా మళ్లీ అదే పోర్టులో పెట్టడం మంచిది. విండోస్ ప్రతి యూఎస్‌బీ పరికరాన్నీ దాని తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, సీరియల్ నంబర్లతో గుర్తుపెట్టుకుంటుంది. అయితే చవక రకాల్లో చాలావాటికి సీరియల్ నంబరు ఉండదు కనుక, ఆ పరికరం ఏ పోర్టుకు తగిలించి ఉందన్నదే దాని గుర్తుగా మారుతుంది. అందువల్ల పక్క పోర్టులోకి మార్చగానే అదే ప్రింటర్ ‘కాపీ 1’ అనే పేరుతో కొత్తదిగా చేరవచ్చు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం పాతదానికే బిల్లులు పంపుతూ ఉంటుంది. తప్పంతా పాపం ప్రింటర్ మీదికి పోతుంది.

ఏది ఎక్కడుందో చూడాలంటే, కంప్యూటర్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లోని ‘వ్యూ’ మెనూలో ‘డివైసెస్ బై కనెక్షన్’ ఎంచుకోండి. అక్కడ కంట్రోలర్ (యూఎస్‌బీ పోర్టులను నడిపే భాగం), దాని కింద రూట్ హబ్ (కంప్యూటర్‌లోనే ఉండే మొదటి హబ్), ఆ కింద మీరు తగిలించిన హబ్ (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పరికరం), చివరకు పరికరం మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. హబ్‌ను వేరే పోర్టులోకి మారిస్తే దాని కింద ఉన్నవాటన్నిటి స్థానమూ మారినట్లే. లైనక్స్‌లో ఇదే స్థానం ‘1-1.4’ వలె ఉంటుంది: ఒకటో బస్ (ఒక రూట్ హబ్ కింది యూఎస్‌బీ మార్గం), దాని ఒకటో పోర్టులోని హబ్, ఆ హబ్‌లో నాలుగో పోర్టు.