ప్యాసింజర్ ఫెర్రీలో షూటింగ్ పెట్టుకున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఫెర్రీ సీన్ రాయడం చాలా తేలిక. హీరోయిన్ రెయిలింగ్ పట్టుకుని నిలబడింది, గాలికి జుట్టు ఎగురుతోంది, వెనక ఊరు దూరమవుతోంది. పేపర్ మీద రెండు లైన్లు, అంతే. తీయడానికి వెళ్లాక అసలు కథ మొదలవుతుంది. రోడ్డు మీద అయితే "వన్ మోర్" అనగానే కారు వెనక్కి వచ్చి మళ్లీ మొదటి మార్క్ దగ్గర ఆగుతుంది, వందల మంది ప్యాసింజర్లతో టైము ప్రకారం వెళ్తున్న ఫెర్రీ మాత్రం మీ టేక్ కోసం వెనక్కి తిరగదు. కాబట్టి స్క్రిప్ట్ ప్రకారం షాట్లు వేసుకుని ఫెర్రీ ఎక్కడం అనే అలవాటు ఇక్కడ పనికిరాదు, ఫెర్రీ టైమింగ్ చేతిలో పెట్టుకుని అందులో స్క్రిప్ట్‌ని సర్దాలి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది, నిజంగా నీళ్ల మీద ఎంత తీయాలి అని. ఒకే ఫెర్రీ రెండు సినిమాల్లో ఎలా కనిపించిందో చూడండి. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ 1988లో వచ్చిన 'వర్కింగ్ గర్ల్' టైటిల్స్‌లో ఉంటుంది, హీరోయిన్ రోజూ ఆఫీసుకు వెళ్లే దారి అది, అసలు ఫెర్రీ మీదే తీశారు. అదే ఫెర్రీ 2017లో 'స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్'లో నిలువునా రెండు ముక్కలవుతుంది, అది సెట్టు, గ్రాఫిక్స్. రోజువారీ ప్రయాణం, ఎదురుచూపు, ఇద్దరు మాట్లాడుకోవడం లాంటివి నిజం ఫెర్రీలోనే బాగుంటాయి. నీళ్లు లోపలికి రావడం, జనం కేకలు వేస్తూ పరిగెత్తడం, మంటలు, ఇవన్నీ సెట్టుకు వదిలేయండి. మామూలు సర్వీసులో ఉత్తుత్తి కేక కూడా ప్రమాదమే, పక్కన కూర్చున్న ముసలాయనకు అది షూటింగ్ అని తెలియదు కదా.

ఇక ఫెర్రీ దొరికే పద్ధతులు మూడు. మామూలు ప్యాసింజర్ల మధ్య చిన్న యూనిట్‌తో వెళ్లి తీయడం చౌక, కానీ అన్నీ వాళ్ల టైముకే. సర్వీసు లేని గంటల్లో మొత్తం ఫెర్రీని అద్దెకు తీసుకోవడం ఖరీదు, కానీ దారి, వేగం కొంతవరకు మీ చేతిలో ఉంటాయి. మూడోది రిపేరుకో రిజర్వులోకో పెట్టి జెట్టీకి కట్టేసిన ఫెర్రీ. చాలామంది ఈ మూడోదాన్ని పట్టించుకోరు గానీ నన్నడిగితే డైలాగ్ సీన్లలో సగం అక్కడే లాగించేయొచ్చు. నీళ్ల వైపు కిటికీ దగ్గర టైట్ ఫ్రేమ్ పెట్టండి, బ్యాక్‌గ్రౌండ్ బాగా బ్లర్ చేయండి, మొహం మీద వెలుగు మెల్లగా కదిలేలా ఒక మనిషిని లైటు పట్టుకుని అటూ ఇటూ నడవమనండి. ఫెర్రీ వెళ్తోందనే ప్రేక్షకుడు నమ్ముతాడు, ఎందుకంటే అంతకుముందే మీరు నిజంగా వెళ్తున్న వైడ్ షాట్ చూపించి ఉంటారు.

రెక్కీకి వాచీ పట్టుకుని వెళ్లండి

లొకేషన్ చూడటం అంటే డెక్ మీద నాలుగు ఫోటోలు తీసుకుని రావడం కాదు. ఏ గంటలో షూట్ చేయాలనుకుంటున్నారో అదే గంటలో ఎక్కి, ఎడమ వైపు ఒకరు, కుడి వైపు ఒకరు ఫోన్ పెట్టి, బయల్దేరినప్పటి నుంచి ఆగేదాకా ఆపకుండా వీడియో తీయండి. తర్వాత కూర్చుని నిమిషాల వారీగా రాసుకోండి: మూడో నిమిషంలో క్రేన్లు, ఎనిమిదిలో వంతెన, పన్నెండు నుంచి పదహారు దాకా ఖాళీ నీళ్లు, ఆ తర్వాత అవతలి గట్టు. ఈ కాగితం షాట్ లిస్టు కంటే ముఖ్యం. డైలాగ్‌లో మొదటి పేజీ ఎనిమిదో నిమిషం దగ్గర మొదలుపెట్టారనుకోండి, తర్వాతి ట్రిప్‌లో ఎదుటి ఆర్టిస్టు క్లోజప్ కూడా ఎనిమిదో నిమిషంలోనే మొదలవ్వాలి. అప్పుడే రెండు షాట్లలో గట్టు సరిపోతుంది, లేదంటే ఎడిటింగ్‌లో వంతెన ఒక కట్‌కి ప్రత్యక్షమై ఇంకో కట్‌కి మాయమవుతూ ఉంటుంది.

టైము లెక్క కూడా మోసం చేస్తుంది. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ప్రయాణం సుమారు 25 నిమిషాలు, ఎనిమిది కిలోమీటర్లకు కొంచెం పైన. ఆ 25లో మీకు దక్కేది పదిహేను అనుకోండి. బయల్దేరేటప్పుడు అనౌన్స్‌మెంట్, హారన్, సీట్ల కోసం వెతుకులాట, చేరబోతుంటే అందరూ ముందే లేచి తలుపు దగ్గర నిలబడటం, ఇవన్నీ తినేస్తాయి. పది నిమిషాల్లోపు అవతలి గట్టు చేరే ఫెర్రీ అయితే ట్రిప్‌కి ఒక షాట్ అనుకుని వెళ్లడం మంచిది, రెండోది దొరికితే బోనస్.

ఇప్పుడు అందరూ తికమకపడే సంగతి. ఫెర్రీలు రెండు రకాలు. కొన్నింటికి ముక్కు ఒకటే, అవతల చేరి చుట్టూ తిరిగి వస్తాయి. కొన్నింటికి రెండు చివరలూ ఒకేలా ఉంటాయి, తిరగకుండా వెనక్కి వచ్చేస్తాయి. స్టాటెన్ ఐలాండ్, హాంకాంగ్ స్టార్ ఫెర్రీ రెండూ ఇలాంటివే. తిరగని ఫెర్రీతో పెద్ద లాభం ఏమిటంటే, వెళ్లేటప్పుడు ఎండ ఏ వైపు పడుతోందో వచ్చేటప్పుడూ ఆ వైపే పడుతుంది, ఆర్టిస్టును లేపకుండా తిరుగు ట్రిప్‌లో కూడా అదే వెలుగులో తీసుకోవచ్చు. నష్టం కూడా అక్కడే ఉంది. ఆర్టిస్టు ఇప్పుడు వెనక్కి ప్రయాణిస్తున్నాడు, బ్యాక్‌గ్రౌండ్ ఉల్టా కదులుతుంది, బయట డెక్ మీద ఉంటే జుట్టు మొహం మీదికి ఎగురుతుంది. చుట్టూ తిరిగే ఫెర్రీలో దీనికి సరిగ్గా వ్యతిరేకం: బ్యాక్‌గ్రౌండ్, గాలి సరిపోతాయి, ఎండ మాత్రం అవతలి చెంపకు మారిపోతుంది.

నా పద్ధతి ఇది. తిరగని ఫెర్రీ అయితే గట్టు, నురుగు కనిపించే వైడ్‌లన్నీ వెళ్లేటప్పుడే. తిరుగు ప్రయాణంలో లోపలి సీట్లలో, వెనక ఖాళీ నీళ్లు బ్లర్‌గా ఉండే క్లోజప్పులు. తిరిగే ఫెర్రీ అయితే వచ్చేటప్పుడు కొత్త షాట్ ఏదీ మొదలుపెట్టకుండా రిహార్సల్ చేయించి, బ్యాటరీలు మార్చుకుని, తర్వాతి ట్రిప్‌లో మళ్లీ అదే దిక్కున తీయండి. టైము వృథా అనిపిస్తుంది గానీ కంటిన్యుటీ (ఒక షాట్‌కి ఇంకో షాట్‌కి పొంతన) తలనొప్పి కంటే నయం. స్టార్ ఫెర్రీ లాంటి వాటిలో సీటు వీపు భాగం ముందుకీ వెనక్కీ తోసుకునేలా ఉంటుంది, ప్రయాణించే దిక్కుకు తిరిగి కూర్చోవడానికి. ఒక షాట్‌లో వీపు ఇటు, ఇంకో షాట్‌లో అటు ఉంటే కంటిన్యుటీ పోయినట్టే, ప్రతి టేక్‌కి ముందు ఫోటో చూసుకోండి.

సముద్రం దగ్గరి రేవులైతే ఆటుపోట్ల పట్టిక కూడా తెచ్చుకోవాలి. నీటిమట్టం మారితే ఫెర్రీలోకి ఎక్కే ర్యాంపు వాలు మారిపోతుంది. పొద్దున హీరో చదునుగా నడిచి ఎక్కి, మధ్యాహ్నం తీసిన తర్వాతి షాట్‌లో కొండ దిగినట్టు దిగుతుంటాడు. ఎక్కే సీన్ మొత్తం ఒకే విడతలో ముగించేస్తే ఈ గొడవ ఉండదు.

కెప్టెన్ దగ్గర దాచొద్దు

పర్మిషన్ ఒక్క చోటే తీసుకుంటే సరిపోదు. ఫెర్రీ నడిపే సంస్థ, రేవు అధికారులు, ఆ ఊళ్లో ఉంటే ఫిల్మ్ ఆఫీసు, ఇన్సూరెన్స్, ఇవన్నీ వేర్వేరు. ఏ చోట ఏ కాగితం అడుగుతారన్నది మారుతుంది గానీ, ఒకటి మాత్రం ఎక్కడైనా అదే: నీళ్ల మీద చివరి మాట కెప్టెన్‌ది. ఆయన ఆపమంటే ప్రొడ్యూసర్ వచ్చినా ఆపాల్సిందే. అందుకే ఆయనకు స్క్రిప్ట్‌లో ఆ సీన్ పేజీలు ఇచ్చి, ఏ డెక్ మీద ఎంతమంది ఉంటారో, ఎంత బరువు ఎక్కుతుందో ముందే చెప్పండి. ఫెర్రీలో ఇంతమందికి మించి ఉండకూడదని లైసెన్సు ఉంటుంది, మీ లైట్‌మెన్, మేకప్, అసిస్టెంట్లు అందరూ ఆ లెక్కలోకే వస్తారు. జూనియర్ ఆర్టిస్టులందర్నీ ఒకేసారి ఒక రెయిలింగ్ వైపు పరిగెత్తించే షాట్ ఉంటే అది తప్పకుండా చెప్పాలి, చిన్న ఫెర్రీ ఆ బరువుకు ఒరుగుతుంది.

చెప్పకుండా చేస్తే పెద్ద గొడవయ్యేవి కొన్ని ఉన్నాయి. ఎర్ర ఫ్లేర్ వెలిగించడం సముద్రంలో ప్రమాద సంకేతం, షాట్ కోసం వెలిగించినా చూసినవాళ్లు రక్షించడానికి బయల్దేరతారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత ఓడల్లో ఎమర్జెన్సీ అలారం, దాన్ని సౌండ్ ఎఫెక్ట్‌గా స్పీకర్లో పెట్టకండి, తర్వాత కలుపుకోండి. ఫాగ్ మెషిన్ స్మోక్ డిటెక్టర్లను మోగిస్తుంది. లైఫ్ జాకెట్ల పెట్టె, ఫైర్ హోస్, ఎగ్జిట్ బోర్డు ఫ్రేములో బాగోలేదని కప్పేయడం, ట్రాలీ వేసి దారి మూసేయడం కుదరదు.

రాత్రి షూట్‌లో ఇంకొకటి కలుస్తుంది. ఓడకు ఎడమ వైపు ఎర్ర లైటు, కుడి వైపు ఆకుపచ్చ లైటు ఉంటాయి, వాటిని చూసే ఎదుటి ఓడ మనం ఎటు వెళ్తున్నామో తెలుసుకుంటుంది. మూడ్ కోసం బయటి డెక్ మీద లైట్లకు ఎర్ర జెల్, పచ్చ జెల్ (రంగు షీట్లు) వేసి లైటింగ్ చేశారంటే అవతలి కెప్టెన్‌ని తప్పుదోవ పట్టించినట్టే. అలాగే మీ పెద్ద లైటు వీల్‌హౌస్ (కెప్టెన్ ఫెర్రీని నడిపే గది) అద్దాల మీద పడితే కెప్టెన్‌కు చీకట్లో ముందేముందో కనిపించదు. కళ్లు మళ్లీ చీకటికి అలవాటుపడటానికి చాలాసేపు పడుతుంది. లైట్లు కిందికి, లోపలికి, బ్యాటరీ మీద నడిచే చిన్న ఎల్‌ఈడీలు. పెట్రోల్ జనరేటర్ ప్యాసింజర్ డెక్ మీదికి తేవాలన్న ఆలోచన కూడా వద్దు.

కెమెరా, సౌండ్, డ్రోన్

ట్రైపాడ్ డెక్ మీద పెడితే ఇంజన్ వణుకు నేరుగా ఫ్రేములోకి వస్తుంది. కాళ్ల కింద మందపాటి రబ్బరు వేయండి, లేదా చేత్తో పట్టుకుని తీయండి, మనిషి ఒంటికి మించిన షాక్ అబ్జార్బర్ లేదు. గింబల్ (కెమెరా ఊగకుండా నిలకడగా ఉంచే పరికరం) వాడేముందు ఒకటి ఆలోచించాలి: గింబల్ దిగంతాన్ని నిలబెడుతుంది కాబట్టి ఫెర్రీ ఊగుతున్నట్టు కనిపిస్తుంది. కెమెరాను ఫెర్రీకే బిగిస్తే ఫెర్రీ నిలకడగా ఉండి బయట సముద్రం ఊగుతుంది. పాత్రకు కడుపులో తిప్పుతున్న సీన్‌కి మొదటిది, ప్రశాంతంగా మాట్లాడుకునే సీన్‌కి రెండోది నాకు నచ్చుతాయి. ఒక సీన్‌లో రెండూ కలపకండి.

ఏసీ కేబిన్‌లో ఉంచిన కెమెరాను ఒక్కసారిగా తేమ గాలిలోకి తెస్తే లెన్స్ మసకబారుతుంది, షాట్‌కి అరగంట ముందే బయట పెట్టండి. డెక్ మీద పనిచేసే ప్రతి వస్తువుకీ తాడు ఉండాలి, లెన్స్ క్యాప్‌తో సహా. రెయిలింగ్ అవతలికి జారితే ఇక దొరకదు.

లొకేషన్ సౌండ్ మీద ఆశ పెట్టుకోవద్దు. బట్టల లోపల మైక్, దానికి బొచ్చు కవర్, డబ్బింగ్ చెప్పేటప్పుడు విని అనుసరించడానికి గైడ్ ట్రాక్, ఇంతవరకే. కానీ ఆర్టిస్టులు లేనప్పుడు సౌండ్ మనిషిని ఒక ట్రిప్ మొత్తం ఒంటరిగా పంపండి: ఇంజన్ నెమ్మదిగా, ఇంజన్ ఫుల్, రేవుకి ఆనుకునేటప్పటి కీచు, ర్యాంపు గొలుసులు, నీళ్లు కొట్టుకోవడం, హారన్. హారన్ ఎక్కడెక్కడ కొడతారో కెప్టెన్‌నే అడిగి రాసుకోండి, బంగారం లాంటి టేక్ మధ్యలో అది మోగితే ఆయన్ని తిట్టుకుని లాభం లేదు.

డ్రోన్ ఎగరేస్తే మొదట ఆ "రిటర్న్ టు హోమ్" సంగతి చూడండి. సిగ్నల్ పోయినా, బ్యాటరీ తగ్గినా అది బయల్దేరిన చోటికి తిరిగి వెళ్తుంది. ఆ చోట ఇప్పుడు ఫెర్రీ లేదు, నీళ్లున్నాయి. ఆ ఫంక్షన్‌ని ఆపేయాలి, లేదా హోమ్ పాయింట్ కంట్రోలర్‌తో పాటు కదిలేలా సెట్ చేసుకోవాలి. ఇనుప డెక్ మీద డ్రోన్ దిక్సూచి కూడా తప్పు చూపిస్తుంది. అందుకే వీలైతే గట్టు మీద నుంచో, పక్కన వచ్చే చిన్న ఫైబర్ పడవ నుంచో ఎగరేయడం మేలు. ప్యాసింజర్ల తలల మీద ఎగరేయడం అసలే వద్దు.

ప్యాసింజర్ల విషయం. ఎక్కే చోటే షూటింగ్ జరుగుతోందని పెద్ద అక్షరాల్లో బోర్డు పెట్టి, కెమెరాలో పడకూడదనుకునేవాళ్లు ఏ వైపు కూర్చోవచ్చో అందులోనే రాయండి. మొహం స్పష్టంగా కనిపించేవాళ్ల దగ్గర సంతకం తీసుకోండి. వీలైతే మన జూనియర్ ఆర్టిస్టులనే కెమెరా చుట్టూ రెండు వరుసలు కూర్చోబెట్టి, అసలు ప్యాసింజర్లను దూరంగా బ్లర్‌లో ఉంచండి, వాళ్లకు ఇబ్బంది ఉండదు, ఎవరూ లెన్స్‌లోకి చూడరు. వాళ్ల సీట్లు లాక్కోవద్దు, వాళ్లు టికెట్ కొనుక్కుని పనికి వెళ్తున్నారు.

ప్యాకప్ అయ్యాక ఉప్పు సంగతి మర్చిపోకండి. ఫిల్టర్ మీద తుంపర ఆరిపోయి ఉంటే పొడి గుడ్డతో రుద్దకూడదు, ఉప్పు గింజలు గీతలు పెట్టేస్తాయి. మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో ముందు ఉప్పును కరిగించి, ఆ తర్వాతే తుడవండి. ట్రైపాడ్ కాళ్లు విప్పి లోపల కూడా కడిగి ఆరబెట్టండి. అద్దె సామాను అయితే ఆ రాత్రే చేయండి, తెల్లారేసరికి తుప్పు మొదలైతే డబ్బు కట్టేది మీరే.