ఒంటరిగా, ఒకే పగటిలో ప్రెసిడెన్షియల్ శిఖరాలు: వెళ్లే ముందు తెలుసుకోవలసినవి

అమెరికా ఈశాన్య మూలన, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని వైట్ మౌంటెన్స్‌లో మౌంట్ వాషింగ్టన్‌కు అటూ ఇటూ ఒకే వరుసలో నిలిచిన శిఖరాలకు ఆ దేశపు అధ్యక్షుల పేర్లు పెట్టారు. ఉత్తరం నుంచి దక్షిణానికి మాడిసన్, ఆడమ్స్, జెఫర్సన్, క్లే, వాషింగ్టన్, మన్రో, ఫ్రాంక్లిన్, ఐసెన్‌హోవర్, పియర్స్ వస్తాయి. వీటిలో హెన్రీ క్లే గానీ, బెంజమిన్ ఫ్రాంక్లిన్ గానీ అధ్యక్షులు కాలేదు. ఈ వరుసను ఒక కొన నుంచి మరో కొనకు ఒకే రోజులో నడవడాన్ని ప్రెసిడెన్షియల్ ట్రావర్స్ అంటారు. పియర్స్ దగ్గర ముగిస్తే నడక సుమారు 32 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు సుమారు 2,600 మీటర్లు ఉంటుంది. అలిపిరి మెట్ల మీదుగా తిరుమలకు ఎక్కే ఎత్తుకు ఇది మూడు రెట్ల పైమాటే, పైగా ఇక్కడ మెట్లు ఉండవు. బోస్టన్ పరిసరాల్లోనూ న్యూజెర్సీలోనూ ఉంటూ సెలవు రోజుల్లో కొండలెక్కే తెలుగువారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారిలో ఈ దారిని ఒంటరిగా నడవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

మనవాళ్లను మొట్టమొదట మోసం చేసేది ఈ కొండల ఎత్తు. వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉన్నా అక్కడ ఊరు, తోటలు, బస్టాండు అన్నీ ఉన్నాయి కదా, దీనిలో ఏముంది అనిపిస్తుంది. కానీ ఇక్కడ 1,400 మీటర్లు దాటేసరికే చెట్లు మోకాలి ఎత్తు పొదలుగా కుదించుకుపోతాయి, ఆ పైన రాళ్లూ నాచూ నేలకు అంటుకుని పెరిగే చిన్న మొక్కలూ తప్ప మరేమీ ఉండదు. చెట్లను అక్కడ నిలవనీయనిది చలీ గాలీ. వాషింగ్టన్ శిఖరం మీది వాతావరణ పరిశీలన కేంద్రం 1934 ఏప్రిల్ 12న గంటకు 372 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలిని కొలిచింది. జులైలో కూడా శిఖరం మీద సగటు ఉష్ణోగ్రత 9 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. 1900 జూన్ 30న, అంటే నడి వేసవిలో, ఈ దారిలోని క్రాఫర్డ్ పాత్ మీద విలియం కర్టిస్, అలన్ ఆర్మ్స్‌బీ అనే ఇద్దరు మంచు తుఫానులో చిక్కి మరణించారు. ఇద్దరూ కొండలు తెలిసినవారే, కర్టిస్ పేరున్న క్రీడాకారుడు కూడా. ఆ దుర్ఘటన తరువాత అక్కడ కట్టిన చిన్న ఆశ్రయమే, 1915లో నిర్మించిన లేక్స్ ఆఫ్ ది క్లౌడ్స్ హట్‌కు (హట్ అంటే కొండ నడిచేవారు బస చేసే కట్టడం) ముందడుగు అయింది.

అందువల్ల ఈ నడకకు సిద్ధం కావడమంటే శిఖరాల పేర్లు కంఠస్థం చేయడం కాదు, ఆ వరుస మీద నుంచి కిందికి దిగే దారులను కంఠస్థం చేయడం. జతగా వెళ్లినవారిలో ఒకరు తడబడితే రెండోవారు "ఇక చాలు, దిగుదాం" అంటారు. ఒంటరిగా వెళ్లినవారికి ఆ మాట అనేవారు ఉండరు. అలసిన మెదడు తన అలసటను తాను గుర్తించలేదు కాబట్టి, ఏ చోట, ఏ గంటకు, ఏ పరిస్థితిలో వెనుదిరగాలో ఇంటి దగ్గరే, కడుపు నిండి, మనసు కుదురుగా ఉన్నప్పుడే నిర్ణయించి కాగితం మీద రాసుకోవాలి. పైన చేయవలసింది ఆ కాగితాన్ని పాటించడం మాత్రమే.

ముందుగా మీ కాళ్ల సంగతి. అదే రాష్ట్రంలో ఫ్రాంకోనియా రిడ్జ్ చుట్టు దారి 14 కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 1,170 మీటర్లు. ఆ దారిని విశ్రాంతితో కలిపి 6 గంటలలోపు పూర్తిచేసి, మరునాడు మామూలుగా మెట్లు దిగగలిగితే ట్రావర్స్‌కు ప్రయత్నించవచ్చు. దిగేటప్పుడు మోకాళ్లు నొప్పెడితే మరో రెండు నెలలు సాధన చేయడం మంచిది, ఎందుకంటే ఇక్కడ చివరి ఐదు కిలోమీటర్లూ దిగుడే. ఈ ప్రాంతంలో సమయాన్ని అంచనా వేసే పాత లెక్క ఒకటి ఉంది: ప్రతి మైలుకు అరగంట, ఎక్కే ప్రతి వెయ్యి అడుగులకు మరో అరగంట. ఆ లెక్క ప్రకారం ఈ దారికి 14 గంటలకు పైగా పడుతుంది. జూన్ మూడో వారం నుంచి జులై మధ్య వరకు పగలు 15 గంటలకు మించి ఉంటుంది కాబట్టి మొదటిసారి వెళ్లేవారు ఆ రోజుల్లోనే వెళ్లాలి. సెప్టెంబరులో గాలి హాయిగా ఉంటుందని కొందరు అంటారు, అది నిజమే, కానీ అప్పటికి పగలు రెండు మూడు గంటలు తగ్గిపోతుంది. మంచు ఉన్న కాలంలో ఇదే దారికి పూర్తిగా వేరే విద్య కావాలి, దాని గురించి ఇక్కడ రాయడం లేదు.

తేదీని ముందే ఖాయం చేసుకుని వాతావరణం అనుకూలిస్తుందని ఆశపడవద్దు. వాషింగ్టన్ పరిశీలన కేంద్రం ఎత్తైన శిఖరాలకు ప్రత్యేకంగా ఇచ్చే సూచనను ముందు రోజు సాయంత్రం, మళ్లీ బయలుదేరే ముందు చదవాలి. లోయలోని ఊరి వాతావరణ సూచన ఇక్కడ పనికిరాదు. గాలి వేగం రెట్టింపైతే అది మనిషిని తోసే బలం నాలుగు రెట్లవుతుంది. గాలి గంటకు 65 కిలోమీటర్లు దాటుతుందని చెబితే నేను వెళ్లను. మధ్యాహ్నం ఉరుములు వచ్చే అవకాశం ఉందని చెప్పిన రోజున కూడా వెళ్లను, ఎందుకంటే దాదాపు 20 కిలోమీటర్ల దూరం మీకంటే ఎత్తైనది చుట్టుపక్కల ఏదీ ఉండదు. ఇలా రెండు సార్లు, మూడు సార్లు వాయిదా పడడం ఈ నడకలో మామూలే.

ఉత్తరం నుంచి దక్షిణానికి నడవడమే మేలు. బలం ఉన్నప్పుడే కఠినమైన భాగం గడిచిపోతుంది, సాయంత్రానికి దారి సులువవుతుంది. రెండు కొనల మధ్య కారులో ముప్పావు గంట ప్రయాణం ఉంటుంది కాబట్టి, ముందు రోజే కారును దక్షిణపు కొన అయిన క్రాఫర్డ్ నాచ్ దగ్గర నిలిపి, ముందుగా మాట్లాడుకున్న బండిలో ఉత్తరపు కొనకు చేరి, గోర్హమ్ ఊళ్లో రాత్రి నిద్రపోవడం మంచి ఏర్పాటు. తెల్లవారుజామున 4 గంటలకు, తలకు కట్టుకునే లైటు వెలుగులో, అపలాచియా అనే చోట నడక మొదలవుతుంది. అక్కడి నుంచి మాడిసన్ స్ప్రింగ్ హట్‌కు పోయే దారులు చాలా ఉన్నాయి. ఎయిర్‌లైన్ అనే బాట అందమైనదే, కానీ గాలికి త్వరగా బయటపడుతుంది. వ్యాలీ వే బాట హట్ వరకు దాదాపు అంతా చెట్ల నీడలోనే సాగుతుంది. చీకట్లో ఒంటరిగా నడిచేవారికి అదే తగినది. ఈ 6 కిలోమీటర్లలో 1,070 మీటర్లు ఎక్కాలి. ఇక్కడ ఊపిరి ఎగపోసేలా నడిస్తే మధ్యాహ్నం దాని ఫలితం అనుభవించవలసి వస్తుంది.

హట్‌కు ఉదయం 8 గంటలలోపు చేరకపోతే ఆ రోజు మాడిసన్ ఒక్కటీ చూసుకుని వ్యాలీ వే మీదుగానే దిగిపోవాలి. ఇది కాగితం మీది మొదటి గీత. సమయానికి చేరితే నీళ్లు నింపుకుని మాడిసన్ ఎక్కి, తిరిగి హట్‌కు వచ్చి, ఆడమ్స్ వైపు సాగాలి. చాలామంది మాడిసన్ ఎక్కేటప్పుడు సంచిని హట్ దగ్గరే వదిలి వెళతారు. ఒంటరివారు అలా చేయరాదు, కాలు బెణికి పైన కూర్చుండిపోతే వెచ్చని బట్టలన్నీ కిందే ఉంటాయి.

ఆడమ్స్ నుంచి జెఫర్సన్ వరకు దారి అంతా పలకరాళ్లు, బండరాళ్లే. ఒక రాతి మీద నుంచి మరో రాతి మీదికి అడుగు చూసుకుని వేయాలి, గంటకు రెండు కిలోమీటర్లు నడిచినా అది మంచి వేగమే. ఇక్కడి రాయి గరుకుగా ఉండి పొడిగా ఉన్నంతసేపు బూటును బాగా పట్టుకుంటుంది, కానీ తడిసిన నాచు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఈ రెండు శిఖరాల నడుమ ఉన్న ఎడ్మండ్స్ కోల్ అనే కనుమలో గాలి గొట్టంలోంచి వచ్చినట్టు దూసుకువస్తుంది. ఇక్కడికి 11 గంటలలోపు చేరాలి. జెఫర్సన్ నుంచి పడమరకు దిగే క్యాప్స్ రిడ్జ్ బాట పొట్టిదే గానీ నిటారు బండల మీదుగా పోతుంది, తడిలో దానిని ఎంచుకోవద్దు. తూర్పు వైపు, గ్రేట్ గల్ఫ్ అనే లోతైన లోయలోకి ఎట్టి పరిస్థితిలోనూ దిగకండి. గాలి నుంచి తప్పించుకోవడానికి అది దగ్గర దారిలా కనిపిస్తుంది, కానీ దిగుడు చాలా నిటారుగా ఉంటుంది, రోడ్డు చేరడానికి ఎన్నో గంటలు పడుతుంది.

వరుస మొత్తం మీద నాకు ఎక్కువ నమ్మకమైన దిగుడుదారి క్లే దగ్గర మొదలయ్యే జ్యూవెల్ ట్రైల్. ఇది పడమరగా, మెల్లని వాలుతో, కొండ రైలు బయలుదేరే స్టేషన్ దగ్గరకు దిగుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను దిగింది దీని మీదుగానే. నా తల మీద ఆకాశం నీలంగానే ఉంది, వాషింగ్టన్ శిఖరం మీది కట్టడాలు కంటి ముందే కనిపిస్తున్నాయి, కానీ పడమర నుంచి ఒక్క ఉరుము వినిపించింది. ఉరుము వినిపిస్తే దిగిపోవాలని కాగితం మీద రాసుకున్నాను కాబట్టి దిగాను. చెట్లలోకి చేరిన ఇరవై నిమిషాలకు వడగళ్లు పడ్డాయి.

వాషింగ్టన్ శిఖరానికి మధ్యాహ్నం 2 గంటలు గడువు. కారులో, రైలులో వచ్చినవారితో అక్కడ రద్దీగా ఉంటుంది, ఫలహారశాల, నీళ్లు దొరుకుతాయి. 1869లో మొదలైన ఆ కొండ రైలు నేటికీ నడుస్తోంది గానీ, కాళ్లు అలసినప్పుడు దానిలో దిగిపోవచ్చని లెక్క వేసుకోవద్దు. చోటు దొరుకుతుందన్న హామీ లేదు. అరగంట మించి కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి. అక్కడి నుంచి రెండున్నర కిలోమీటర్లు దిగితే లేక్స్ హట్ వస్తుంది. మన్రో చుట్టుపక్కల రాబిన్స్ సింక్‌ఫాయిల్ అనే చిన్న పసుపు పువ్వు మొక్క ఉంటుంది. ఈ వైట్ మౌంటెన్స్‌లో తప్ప అది దాదాపు మరెక్కడా పెరగదు. నడిచేవారి కాళ్ల కింద నలిగి అంతరించిపోయే స్థితికి వచ్చి, బాటను పక్కకు మార్చిన తరువాత కోలుకుని, 2002లో అంతరించిపోతున్న మొక్కల జాబితా నుంచి బయటపడింది. దయచేసి రాళ్ల మీదనే అడుగు వేయండి.

లేక్స్ హట్ నుంచి దిగే అమ్మోనూసక్ రవీన్ బాట జలపాతాల పక్కన జారుడుగా ఉంటుంది. అవసరమైతే వాడవచ్చు, నిదానంగా. ఐసెన్‌హోవర్ దగ్గరి ఎడ్మండ్స్ పాత్ దానికంటే చాలా సౌమ్యమైనది. పొగమంచు కమ్మితే, దారి గుర్తుగా పేర్చిన ఒక రాళ్ల గుట్ట దగ్గర నిలబడి తరువాతి గుట్ట కంటికి కనిపించేవరకు కదలవద్దు. కనిపించకపోతే వచ్చిన దారినే వెనక్కి, గుర్తు తెలిసిన చోటికి పోవాలి. ఫోన్‌లోని మ్యాపుతో పాటు కాగితపు మ్యాపు, దిక్సూచి ఉండాలి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఫోన్‌ను విమానం మోడ్‌లో, ఒంటికి దగ్గరగా ఉన్న జేబులో ఉంచాలి.

నూలు బట్టలు, జీన్స్ పూర్తిగా మానాలి, తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. గాలినీ వాననూ ఆపే పై కోటు, ప్యాంటు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మార్చుకోవడానికి ఒక పొడి చొక్కా, ఒళ్లంతా దూర్చుకునే పల్చని అత్యవసర సంచి, రెండు చేతికర్రలు, లైటుకు అదనపు బ్యాటరీలు జులైలో కూడా తప్పనిసరి. రెండు లీటర్ల నీళ్లు మోస్తూ హట్లలోనూ శిఖరం మీదా నింపుకుంటే సరిపోతుంది. తిండి విషయంలో మన వంటిల్లే నాకు బాగా అక్కరకొచ్చింది: పులిహోర పగలంతా చెడిపోదు, ఉప్పు, కారం, పులుపు ఉండడం వల్ల విసుగు పుట్టదు, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు జేబులో వేసుకుంటే నడుస్తూనే గంటకోసారి తినవచ్చు. ఆకలి వేసేదాకా ఆగడమే ఇక్కడ పెద్ద తప్పు.

ఫోన్ సిగ్నల్ లోయల్లో ఉండదు కాబట్టి ఉపగ్రహ సందేశ పరికరం ఒకటి అద్దెకైనా తీసుకోండి. రాష్ట్ర వన్యప్రాణి శాఖ అమ్మే 25 డాలర్ల హైక్ సేఫ్ కార్డు కొనండి. రక్షణకు అయ్యే ఖర్చు అజాగ్రత్త వల్ల మీ మీద పడకుండా అది కాపాడుతుంది, కానీ తెలిసి తెగించిన వారిని కాపాడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో ఒకరికి మీ కాగితం నకలు ఇవ్వాలి. ఏ దారిన వెళుతున్నారు, ఎక్కడెక్కడ దిగవచ్చు, రాత్రి ఎన్ని గంటలకు కబురు రాకపోతే 911కు ఫోన్ చేయాలి అన్నది దానిలో స్పష్టంగా ఉండాలి. "ఆలస్యమైతే చూడు" అనడం సరిపోదు, రాత్రి 10 గంటలు అని రాయండి.

పియర్స్ దాటగానే క్రాఫర్డ్ పాత్ చెట్లలోకి దిగుతుంది. 1819లో వేసిన ఈ బాట అమెరికాలో నేటి వరకు నిరంతరంగా వాడుకలో ఉన్న అతి పాత కొండబాటగా పేరు పొందింది. ఇక్కడి నుంచి రోడ్డుకు 5 కిలోమీటర్లు. ఇంకా బలం ఉంటే ఆ తరువాతి జాక్సన్ శిఖరాన్ని కూడా కలుపుకోవచ్చని మ్యాపు ఊరిస్తుంది, సాయంత్రం 5 గంటలకు ముందు పియర్స్ చేరినవారు తప్ప ఆ ఆలోచన మానాలి. వేర్లూ రాళ్లూ తడిగా ఉండే ఈ చివరి దిగుడులోనే అలసిన పాదం ఎక్కువగా మడతపడుతుంది కాబట్టి లైటును చీకటి పడకముందే తలకు కట్టుకోండి, కర్రలను కొంచెం పొడుగు చేసుకోండి. రోడ్డు చేరగానే, బూట్లు విప్పకముందే, ఇంట్లో కాగితం పట్టుకుని కూర్చున్నవారికి దిగానని కబురు పంపండి. అక్కడ సిగ్నల్ దొరక్కపోతే పరికరం నుంచే పంపండి.